మా సాహెబా హయాత్ బక్షీ బేగము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిలో, నగరపు తూర్పు అంచున హయాత్‌నగరమను పేట కలదు. నగరము నడుమ మాసబ్ ట్యాంకు అను మరియొక పేట కలదు. ప్రతిదినము వేలకొలది జనులు ఈ రెండు పేర్లను పలుకుచు ఆ త్రోవలలో వచ్చుచు పోవుచుందురు. ఆ పేర్ల వెనుక ఒక స్త్రీమూర్తి నిలిచియున్నదని ఎరిగినవారు కొలదిమందియే. మొదటి పేటకు పేరు హయాత్ బక్షీ బేగమను రాణి వలన వచ్చినది. రెండవది, ప్రజలు ఆమెను గౌరవముతో పిలుచుకొనిన మా సాహెబా అను మాట నుండి పుట్టి, జనుల నోళ్లలో నలిగి, నేటి రూపమును పొందినదని నగరవాసులు చెప్పుకొందురు. మా సాహెబా యనగా తల్లిగారు అని అర్థము.

ఆమె ఒక సుల్తానునకు కుమార్తె, మరియొక సుల్తానునకు భార్య, ఇంకొక సుల్తానునకు తల్లి. ఆమె ఏనాడును సింహాసనముపై కూర్చుండలేదు. ఆమె పేర నాణెములు ముద్రింపబడలేదు. అయినను గోలకొండ రాజ్యము నిలుచునో కూలునో తెలియని దినములలో ఆ రాజ్యభారము ఆమె భుజములపై పడెను.

గోలకొండ రాజ్యమును 1518వ సంవత్సరము మొదలు 1687 వరకు కుతుబ్‌షాహీ వంశీయులు పాలించిరి. ఆ వంశములో నాలుగవవాడైన ఇబ్రహీము కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించి, వారిచే మల్కిభరాముడని కీర్తింపబడిన ప్రభువు. అతని కుమారుడు మహమ్మదు కులీ కుతుబ్‌షా 1580లో, పదునైదేండ్ల ప్రాయమున సింహాసనమెక్కెను. ఇతడు స్వయముగా కవి. దక్కనీ భాషలో వసంతోత్సవములను గూర్చియు, తొలకరి వానలను గూర్చియు, తన నగరమును గూర్చియు కవితలు రచించెను. ఇతడే హయాత్ బక్షీకి తండ్రి.

ఆ కాలమున గోలకొండ కోట జనులతో క్రిక్కిరిసియుండెను. అందుచేత మహమ్మదు కులీ 1591లో మూసీనదికి దక్షిణపు గట్టున నూతన నగరమునకు పునాది వేయించెను. ప్రధానియైన మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఆ నిర్మాణమునకు తోడ్పడెను. నాలుగు రాజమార్గములు కలియు కూడలిలో చార్మినారు లేచెను. దానికి ఉత్తరముగా చార్‌కమాను ద్వారములు నిలిచెను. క్రమముగా రాజమందిరములు, ఉద్యానములు, దవాఖానా, అంగళ్లు వెలసెను. నేడు పాతబస్తీ యని పిలువబడు ప్రాంతమే నాటి కొత్త నగరము. హయాత్ బక్షీ బాల్యము, ఆ నగరము బాల్యము ఇంచుమించుగా ఒక్కసారియే గడచెను.

మహమ్మదు కులీకి రాజ్యము నేలుటకు కుమారుడు మిగులలేదు. ఉన్నది కుమార్తె మాత్రమే. కుమారుడు లేని రాజ్యము గతి యేమి యను ప్రశ్న ఆ కాలమున గోలకొండకు మాత్రమే కలిగినది కాదు. దూరముననున్న ఇంగ్లండు దేశమున అప్పుడు ట్యూడరు వంశజురాలైన ఎలిజబెత్తు రాణి పాలించుచుండెను. ఆమె 1558 మొదలు 1603 వరకు స్వయముగా కిరీటము ధరించి రాజ్యమేలి, వివాహమాడక మరణించుటచే ఆ వంశము ఆమెతోనే ముగిసెను. మన దేశమునందును అట్టి స్త్రీలు లేకపోలేదు. మూడు శతాబ్దములకు పూర్వమే ఓరుగల్లున రుద్రమదేవి కాకతీయ సామ్రాజ్యమును పాలించెను. గోలకొండకు పొరుగుననున్న అహమ్మదునగరమున చాంద్ బీబీ బాలసుల్తాను పక్షమున నిలిచి, 1595లో వచ్చిపడిన మొగలు సేనలను ఎదిరించి కోటను కాపాడెను. కాని 1600లో ఆమె తనవారి చేతులలోనే హతురాలయ్యెను.

గోలకొండ ఆచారము కుమార్తెకు సింహాసనమునొసగునది కాదు. అయినను ఆమెను వివాహమాడినవానికి రాజ్యముపై హక్కు బలపడును. కావున హయాత్ బక్షీ వివాహము రాజ్యవ్యవహారమయ్యెను. ఇరాను పాదుషాయైన షా అబ్బాసు తన రాయబారిని గోలకొండకు పంపి, ఆమెను తన వంశమునందలి రాకుమారునకిమ్మని కోరినట్లు చరిత్రకారులు వ్రాసిరి. అంత గొప్ప చక్రవర్తి కోరికను త్రోసిపుచ్చుట సులభము కాదు. అంగీకరించినచో గోలకొండ వారసత్వము పరదేశముతో ముడిపడును. మహమ్మదు కులీ రాయబారిని సంవత్సరముల తరబడి గౌరవముతో నిలిపియుంచి, 1607లో తన సోదరుని కుమారుడైన సుల్తాను మహమ్మదునకు కుమార్తెనిచ్చి వివాహము చేసెను. రాజ్యము వంశములోనే నిలిచెను.

1612లో మహమ్మదు కులీ మరణింపగా అల్లుడు సుల్తాను మహమ్మదు రాజయ్యెను. ఇతడు దైవభక్తి కలవాడు, విద్యాప్రియుడు. మామగారి కవితలనన్నింటిని ఒక సంపుటముగా కూర్పించెను. చార్మినారునకు సమీపమున మక్కా మసీదును ప్రారంభించినవాడు కూడ ఇతడే. 1614లో హయాత్ బక్షీకి అబ్దుల్లా యను కుమారుడు కలిగెను. ఆ కుటుంబమునకు అది సుఖముగా గడచిన కాలము. కాని 1626లో సుల్తాను మహమ్మదు నడివయసు రాకముందే కన్నుమూసెను. అప్పటికి అబ్దుల్లా పండ్రెండేండ్ల బాలుడు.

బాలుడు సింహాసనమెక్కెను. రాజ్యవ్యవహారములు తల్లి పర్యవేక్షణలోనికి వచ్చెను. పరదా వెనుకనుండి ఆమె మంత్రుల మాటలను ఆలకించుచు, తగవులను సర్దుచు, కుమారునికి దారి చూపుచుండెను. ట్యూడరు వంశ చరిత్రలో ఇట్టి స్త్రీ ఒకరు కనబడుదురు. ఆ వంశమున తొలి రాజైన ఏడవ హెన్రీకి తల్లియగు మార్గరెట్ బోఫోర్టు తాను రాణి కాకపోయినను, 1485లో కుమారునికి రాజ్యము లభించుటకు మిక్కిలి తోడ్పడి, అటుపిమ్మట రాజమాతగా గొప్ప గౌరవమునొందెను. కేంబ్రిడ్జిలో ఆమె స్థాపించిన కళాశాలలు నేటికిని ఉన్నవి. అయితే హెన్రీ రాజగునప్పటికి ఇరువదియెనిమిదేండ్ల యువకుడు, కార్యదక్షుడు. హయాత్ బక్షీకి లభించిన బాధ్యత అంతకంటె కష్టమైనది. ఆమె కుమారుడు బాలుడు. పెరిగిన పిదప కూడ అతనికి సంగీత సాహిత్యములందున్న ఆసక్తి రాజకార్యములందు లేకుండెను. పదకర్త క్షేత్రయ్య అతని కొలువును దర్శించి పదములు రచించెనని పెద్దలు చెప్పుదురు. కళలకు అది మంచికాలమే గాని, రాజ్యరక్షణకు అది చాలదు.

అబ్దుల్లా బాల్యమును గూర్చి పాతబస్తీలో ఒక కథ తరతరములుగా వినవచ్చుచున్నది. ఒకనాడు బాలుడు ఏనుగునెక్కి పోవుచుండగా అది మదించి, అదుపు తప్పి, అతనితో కూడ అడవులలోనికి పరుగెత్తెను. ఎవ్వరును దానిని సమీపింపలేకపోయిరి. తల్లి అడవిత్రోవలలోని చెట్లకొమ్మలకు అన్నపుమూటలు కట్టించెననియు, ఏనుగు వాని క్రిందుగా పోవునపుడు బాలుడు చేయిచాచి అందుకొనుచుండెననియు చెప్పుదురు. కుమారుడు క్షేమముగా తిరిగివచ్చినచో, ఏనుగు గొలుసునకు సరితూగు బంగారు గొలుసును చేయించి హుసేనీ ఆలమునకు సమర్పింతునని ఆమె మ్రొక్కుకొనెను. ఏనుగు శాంతించెను. బాలుడు ఇల్లు చేరెను. ఆమె మ్రొక్కు చెల్లించెను.

ఆ గొలుసును లంగరు అందురు. ఆ మ్రొక్కు జ్ఞాపకముగా మొహరము నెలలో లంగరు ఊరేగింపు జరుపుట ఆచారమయ్యెను. ఆసఫ్‌జాహీ ప్రభువుల కాలమున అది సైనికపటాలములు పాల్గొను గొప్ప ఉత్సవముగా పెరిగెను. ఈ కథలో నిజమెంత, కల్పన యెంత యని తేల్చుట కష్టము. కాని ఆమె రాజమాతగా గడపిన జీవితమునకు ఈ కథ చక్కగా సరిపోవుచున్నది. ఏనుగు నెక్కినవాడు కుమారుడు. దాని వెంట ఆందోళనతో నడచినది తల్లి.

ఆమె కట్టడములు ప్రజలకు ఉపయోగపడునవి. మచిలీపట్టణము గోలకొండ రాజ్యమునకు ప్రధానమైన రేవు. ఎలిజబెత్తు రాణి 1600లో అనుమతిపత్రమునొసగిన ఈస్టిండియా కంపెనీ వర్తకులు 1611లో ఆ రేవుకు వచ్చి కొఠీ నెలకొల్పిరి. 1632లో అబ్దుల్లా, సంవత్సరమునకు ఐదువందల వరాహల సుంకము చెల్లించి తన రేవులలో వర్తకము చేసికొనుటకు వారికి ఫర్మానా నొసగెను. రేవునుండి రాజధానికి అద్దకపు వస్త్రములు, సుగంధద్రవ్యములు, పరదేశపు సరకులు ఎడ్లబండ్లపై వచ్చుచుండెను. ఆ త్రోవలో, నగరమునకు ఒక మజిలీ దూరమున హయాత్ బక్షీ ఒక మసీదును, దాని చుట్టును బాటసారులు విడియుటకు సరాయి గదులను కట్టించెను. సమీపమున విశాలమైన బావి కూడ కలదు. ఏనుగులచే నీరు తోడించెడివారను ప్రతీతి చేత దానికి హాతీ బావి యను పేరు కలిగెను. ఎండలో నడచివచ్చిన వర్తకునకు, బండి తోలువానికి ఆ నీడయు ఆ నీరును తల్లి పెట్టిన అన్నము వంటివే. అచ్చటనే హయాత్‌నగరము పెరిగినది.

గోలకొండ సంపద దానికి కీర్తి తెచ్చినట్లే ఆపదను కూడ తెచ్చెను. కృష్ణాతీరమందలి కొల్లూరు గనులలో దొరకు వజ్రముల పేరు దేశదేశములలో వ్యాపించెను. ఉత్తరమున మొగలాయి చక్రవర్తి షాజహాను దృష్టి దక్కనుపై పడెను. 1636లో అతని సేనలకు వెరచి, అబ్దుల్లా చక్రవర్తి ఆధిపత్యమునంగీకరించుచు పత్రము వ్రాసియిచ్చెను. సంవత్సరమునకు రెండు లక్షల హొన్నుల కప్పము చెల్లించుటకు ఒప్పుకొనెను. నాటినుండి గోలకొండ సగము స్వతంత్రము, సగము పరతంత్రము. కప్పము బాకీపడినప్పుడెల్ల బెదిరింపులు వచ్చుచుండెను.

రాజ్యములోపల మరియొక చిక్కు పెరుగుచుండెను. ఇరాను దేశమునుండి వచ్చి, వజ్రవ్యాపారమున ధనమార్జించి, వజీరు పదవికెక్కిన మీర్ జుమ్లా కర్ణాటక సీమను జయించి గండికోటను వశపరచుకొనెను. అతనికి సొంత సైన్యము, సొంత ఫిరంగులు, రాజునకు సాటివచ్చు సంపద ఏర్పడెను. సుల్తానునకు అతనిపై అనుమానము కలిగెను. అతనికి సుల్తానుపై నమ్మకము పోయెను. అతడు రహస్యముగా మొగలాయిలను ఆశ్రయించెను. ఇంతలో రాజధానిలోనున్న అతని కుమారుడు మహమ్మదు అమీను కొలువులో మర్యాద తప్పి ప్రవర్తింపగా, 1655 నవంబరులో అబ్దుల్లా అతనిని చెరపట్టించి ఆస్తిని స్వాధీనము చేసికొనెను.

దక్కనులో మొగలాయి ప్రతినిధిగానున్న రాకుమారుడు ఔరంగజేబు ఇట్టి అవకాశము కొరకే ఎదురుచూచుచుండెను. చెరలోనున్నవారిని విడువుమను నెపముతో తన పెద్దకుమారుడైన మహమ్మదు సుల్తానును సైన్యముతో పంపెను. అబ్దుల్లా భయపడి అమీనును విడిచిపెట్టెను. అయినను దండయాత్ర ఆగలేదు. 1656 జనవరిలో సుల్తాను నగరమును విడిచి గోలకొండ కోటలోనికి పోయి తలదాచుకొనెను. మొగలు సేనలు హైదరాబాదులో ప్రవేశించెను. మహమ్మదు కులీ ప్రేమతో కట్టించిన రాజమందిరములు దోపిడికి గురియయ్యెను. అరుదైన గ్రంథములు, విలువగల వస్తువులు శత్రువుల పాలయ్యెను. తాను పుట్టి పెరిగిన నగరమునకు పట్టిన ఆ దుర్దశను హయాత్ బక్షీ వృద్ధాప్యమున చూడవలసివచ్చెను.

ఫిబ్రవరిలో ఔరంగజేబు స్వయముగా వచ్చి కోటను ముట్టడించెను. కోట గోడలు దృఢమైనవే. కాని లోపలనున్న ప్రభువునకు ధైర్యము సడలెను. అతడు కానుకలు పంపెను, రాయబారులను పంపెను. ఔరంగజేబు లొంగలేదు. రాజ్యమునంతయు కలిపివేసికొనవలెననియే అతని సంకల్పము. సుల్తాను స్వయముగా శత్రుశిబిరమునకు పోయినచో తిరిగివచ్చునను నమ్మకము లేదు. మంత్రులను పంపినచో ఫలితము లేదు. ఆ స్థితిలో మా సాహెబా తానే పోవుటకు నిశ్చయించెను.

జీవితమంతయు అంతఃపురమున గడపిన రాణి శత్రుసేనల నడుమకు పోవుట నాటి మర్యాదలకు అసాధారణమైన కార్యము. పోయినచో అవమానము కలుగవచ్చును. ఆమెనే బందీగా పట్టి కోటను అప్పగింపుమనవచ్చును. ఇవి అన్నియు ఎరిగియే ఆమె కోటద్వారము దాటెను. ఆమె చేత ఆయుధము లేదు, వెంట సైన్యము లేదు. వయసు, వంశగౌరవము, కన్నకడుపు అనునవియే ఆమె బలము. ఔరంగజేబు సమక్షమున ఆమె తన కుమారుని ప్రాణమును, రాజ్యమును కాపాడుమని వేడుకొనెను. వేడుకొనుటతో సరిపెట్టక, సంధి షరతులను గూర్చి మాటలాడెను.

ఆ షరతులు తేలికైనవి కావు. పరిహారము, పాతబాకీలు కలిపి ఒక కోటి రూపాయలు చెల్లించుటకును, అబ్దుల్లా కుమార్తెను మహమ్మదు సుల్తానునకిచ్చి వివాహము చేయుటకును ఒప్పుకొనవలసి వచ్చెను. రాంగీరు సీమను కూడ గోలకొండ వదలుకొనెను. అదే సమయమున ఢిల్లీలో గోలకొండ ప్రతినిధి చేసిన ప్రయత్నము ఫలించెను. పెద్దకుమారుడైన దారా షుకో పలుకుబడి వలన షాజహాను మనసు మారి, ముట్టడి ఎత్తివేయుమని ఆజ్ఞ పంపెను. 1656 మార్చి 30న మొగలు సేనలు ముట్టడి విరమించెను.

మా సాహెబా రాయబారము ఒక్కదాని చేతనే రాజ్యము నిలిచెనని చెప్పుట సత్యము కాదు. చక్రవర్తి ఆజ్ఞ రానిచో ఔరంగజేబు ఏమి చేసియుండునో ఊహింపవచ్చును. కాని ఆజ్ఞ వచ్చువరకు మాటలు తెగిపోకుండ నిలిపి, కత్తుల నడుమ సంధికి తావు కల్పించినది ఆమె. ఆమె తెచ్చిన సంధి విజయము కాదు. అది భారమైన వెలకు కొనిన శాంతి. ఆ వెలలో కొంత ధనము, కొంత భూమి. మిగిలినది ఒక బాలిక బ్రతుకు. ఏబదియేండ్ల క్రిందట రాజ్యము కొరకు తన వివాహము జరిగినట్లే, ఇప్పుడు రాజ్యము కొరకు మనుమరాలి వివాహమును ఆమె ఒప్పుకొనవలసివచ్చెను. ఆ వివాహమున సుఖము నిలువలేదు. మహమ్మదు సుల్తాను కొలది యేండ్లకే తండ్రి ఆగ్రహమునకు గురియై చెరసాల పాలయ్యెను. రాజవంశముల కీర్తిని చదువునపుడు ఇట్టి దుఃఖములను కూడ మరువరాదు.

ముట్టడి తొలగిన పిదప నగరము మెల్లగా కోలుకొనెను. అంగళ్లు తెరువబడెను. హయాత్ బక్షీ మరి పదునొకండు సంవత్సరములు జీవించి, 1667లో కన్నుమూసెను. గోలకొండ కోటకు సమీపమున కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులున్న తోటలో, పెద్ద గుమ్మటముతో ఆమె సమాధి కలదు. రాజులకు నిర్మించిన సమాధులకు అది తీసిపోవునది కాదు. సింహాసనమెక్కని స్త్రీకి అట్టి గౌరవము లభించుటయే ఆమెను ఆ కాలపువారు ఎట్లు చూచిరో తెలుపుచున్నది.

ఆమె మరణించిన ఐదేండ్లకు, 1672లో అబ్దుల్లా గతించెను. అతని అల్లుడైన అబుల్ హసను తానాషా రాజయ్యెను. చక్రవర్తియైన ఔరంగజేబు మరల వచ్చి, ఎనిమిది నెలల ముట్టడి పిదప 1687లో గోలకొండను జయించెను. అప్పుడు శిబిరమునకు పోయి మాటలాడుటకు మా సాహెబా లేదు. 1656లో తప్పిన వినాశము ముప్పదియొక్క సంవత్సరములకు సంభవించెను. కాని ఆ ముప్పదియొక్క సంవత్సరములు వ్యర్థములు కావు. అంతకాలము ఆ నగరమున పిల్లలు పుట్టి పెరిగిరి, కవులు వ్రాసిరి, నేతగాండ్రు నేసిరి, బాటసారులు సరాయిలో విశ్రమించిరి.

చరిత్రపుటలలో రాజుల పేర్లు వరుసగా నుండును. వారి వెనుక నిలిచినవారి పేర్లు వెదకినగాని కానరావు. హయాత్ బక్షీ బేగము పేరు నగరపు త్రోవలలోనే నిలిచియున్నది. ప్రజలు ఆమెను రాణిగా గాక తల్లిగా తలచుకొనిరి. అధికారము వంశము వలన లభింపవచ్చును. తల్లి యను పేరు మాత్రము ఆపదలో ముందుకు నడచినవారికే లభించును.